బంతి ఎటుంటే కాలు అటు

ప్రశ్న: సార్, నేను స్టూడెంట్ పైలట్‌ని. సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం మీద 22 గంటలు అయ్యాయి. పవర్ ఉంచి స్టాల్ చేసిన ప్రతిసారీ ఎడమ రెక్క వాలిపోతోంది. యోక్ (విమానం స్టీరింగ్) కుడికి తిప్పితే ఇంకా వాలుతోంది. ఇన్‌స్ట్రక్టర్ "ఆ చేతులు కట్టేసుకో" అని అరుస్తారు. స్టాల్ పాఠం ఉన్న రోజు టెన్షన్‌తో టిఫిన్ కూడా దిగట్లేదు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ముందు టిఫిన్ తినండమ్మా. ఖాళీ కడుపుతో వెళ్తేనే ఎక్కువ తిప్పుతుంది. రెండు ఇడ్లీలు చాలు, పూరీ వద్దు.

స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం కాదని మా ఇంట్లోవాళ్ళని నమ్మించడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది. చిన్నప్పుడు కళ్ళంలో చాట పట్టుకుని గాలికి ఎదురుగా నిలబడేవాణ్ణి. అంచు కొంచెం ఎత్తితే చాట చేతుల్లోంచి లేచిపోతానన్నట్టు ఉండేది. నిటారుగా పెడితే లేవడం మానేసి నన్నే వెనక్కి తోసేది. రెక్క సంగతీ అంతే. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటిందంటే, రెక్క పైభాగాన్ని అంటుకుని పారాల్సిన గాలి విడిపోతుంది. అదే స్టాల్. వేగం ఎంతున్నా సరే. మీ విమానం మాన్యువల్‌లో ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) దించకుండా 40 నాట్ల వేగంలో స్టాల్ అవుతుందని ఉంటుంది. అది పూర్తి బరువుతో, రెక్కలు సమంగా ఉన్నప్పటి లెక్క. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వంచి తిరిగితే అదే విమానం సుమారు 57 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది.

ఇక మీ ఎడమ రెక్క. పవర్ ఎక్కువగా ఉండి ముక్కు పైకి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ విమానాన్ని ఎడమకి లాగుతుంది. కుడి రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక, కాలితో నొక్కేది) సరిపోకపోతే ముక్కు ఎడమకి జారుతుంది, ఆ వైపు రెక్క ముందు స్టాల్ అవుతుంది. అప్పుడు మీరు యోక్ కుడికి తిప్పారనుకోండి. ఎడమ ఏలెరాన్ (రెక్క చివర కదిలే పలక) కిందికి దిగుతుంది. అంటే అసలే కోణం ఎక్కువై చతికిలబడిన రెక్కకి ఇంకాస్త కోణం పెంచారు. డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగడం, పెరిగి ముక్కుని మరీ ఎడమకి లాగుతుంది. స్పిన్, అంటే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం, మొదలయ్యేది ఇలాగే.

యోక్ మధ్యలో ఉంచి కొంచెం ముందుకి వదలండి, కోణం తగ్గాలి. ముక్కు తిరగడం ఆగేంత కుడి రడ్డర్ ఇవ్వండి. రెక్కకి మళ్ళీ గాలి అంటుకున్నాకే ఏలెరాన్‌తో సమం చేయండి. ఇదంతా చేయాల్సిన అవసరం రాకుండా, స్టాల్‌కి ముందు నుంచే టర్న్ కోఆర్డినేటర్ అనే మీటర్లో, విమానం పక్కకి జారుతోందని చూపే బంతిని చూస్తూ ఉండండి. బంతి కుడికి పోతే కుడి కాలు నొక్కాలి. స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే హారన్ మోగగానే కళ్ళు మూసుకునే పిల్లల్ని చూశాను, మీరు వాళ్ళలో ఒకరు కాదుగా?

నేను నేర్చుకున్నది పుష్పక్ మీద, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) చేసిన రెండు సీట్ల విమానం. ఒకసారి దిగడానికి రన్‌వే వైపు చివరి మలుపు తిరుగుతూ రన్‌వే వరస దాటిపోయాను. ఇంకా వంచడానికి భయమేసి, ఎవరికీ తెలియకుండా ఎడమ రడ్డర్‌తో ముక్కు తిప్పబోయాను. పక్కనున్న మా ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. నా ఎడమ బూటుని తన బూటుతో పక్కకి నెట్టి దిగకుండా విమానాన్ని మళ్ళీ పైకి లేపేశారు. కిందికి దిగాక, "అయిదొందల అడుగుల్లో స్పిన్ నేర్చుకుంటావా?" అని మాత్రం అడిగారు.

ప్రశ్న: రెక్క పైన దూరం ఎక్కువ కాబట్టి, కింది గాలిని కలుసుకోవడానికి పైగాలి వేగంగా పోతుందట. నిజమేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. కలుసుకోవాలన్న ఒప్పందమేమీ వాటి మధ్య లేదు. నిజానికి పైగాలి వెనక అంచుకి ముందే చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కని పైకి తోస్తుంది. పైన పీడనం తగ్గడం నిజమే, కారణమే తప్పు చెప్పారు.

ప్రశ్న: మే నెల మధ్యాహ్నం బేగంపేటలో మా విమానం ఎక్కనంటే ఎక్కనంటోంది. ఇంజన్ లోపమా?
– ఒక ట్రెయినీ, సికింద్రాబాద్

జవాబు: ఇంజన్ చూపించుకోండి, కాదనను. కానీ ముందు ఈ లెక్క చూడండి. బేగంపేట ఎత్తు దాదాపు 1,740 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. బయట 42 ఉంటే 30 డిగ్రీల పైచిలుకు తేడా. ఒక్కో డిగ్రీకి 120 అడుగులు కలపండి. అంటే మీ విమానం సుమారు 5,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టే అనుకుంటుంది. పల్చటి గాలిలో రెక్కకీ, ప్రొపెల్లర్‌కీ, ఇంజన్‌కీ మూడింటికీ బలం తగ్గుతుంది. రన్‌వే మీద నేల మామూలు కన్నా వేగంగా పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మి ముక్కు ముందే ఎత్తకండి. స్పీడ్ మీటర్నే నమ్మండి. నేనైతే మేలో మా పిల్లల్ని పొద్దున్న ఆరింటికే ఎగరేయిస్తాను. పది దాటాక క్లాసులో కూర్చోబెట్టి ఇవే లెక్కలు చేయిస్తాను, ఫ్యాను కింద.