పూలు రాలిన ఆర్కిడ్ మళ్ళీ పూయాలంటే: రాయగడ వరండా చెప్పిన సంగతులు

పర్లాకిమిడి నుండి మీరు అడిగినది క్లుప్తంగా ఇది: గృహప్రవేశానికి కానుకగా వచ్చిన తెల్ల ఆర్కిడ్ మూడు నెలల పాటు పూసి, ఆ తరువాత ఏడాదిన్నరగా ఆకులతోనే ఉంది, రెండు రకాల ఎరువులు వేసినా కాడ రాలేదు, మొక్కను పారేయాలా, లేక పూలకు పనిచేసే ఎరువు వేరే ఉందా? పారేయవద్దు, కొత్త ఎరువూ కొనవద్దు. ఆకులు పచ్చగా, బిగువుగా ఉన్నాయని మీరే రాశారు కనుక ఆ మొక్క ఆరోగ్యంగానే ఉంది. పూయవలసిన సమయం వచ్చిందని దానికి తెలిసే అవకాశం మీ ఇంట్లో దొరకడం లేదు, అంతే.

మీరు వర్ణించిన వెడల్పాటి ఆకులను బట్టి, సీతాకోకచిలుక రెక్కల వంటి పూలను బట్టి అది ఫెలినాప్సిస్ అనే ఆర్కిడ్ రకం. నా దగ్గరా మొదట వచ్చినది అదే. ఒడిశాలోని రాయగడలో మా హాలులో టీవీ పక్కన అద్దాల బీరువా మీద దాన్ని రెండేళ్ళు ఉంచాను. చలికాలంలో దోమలకు భయపడి సాయంత్రం ఐదు గంటలకే కిటికీలు మూసేవాళ్ళం. ఎరువుల పొట్లాల మీద అచ్చువేసిన పూల బొమ్మలను నమ్మి మూడు రకాలు మార్చాను. మూడో ఏడు కార్తీక మాసంలో ఇంటికి రంగులు వేయిస్తూ మొక్కలన్నిటినీ తూర్పు వరండాలోకి చేర్చాము. రంగుల పని ముగిసినా, బద్ధకం వల్ల వాటిని సంక్రాంతి దాకా అక్కడే వదిలేశాను; ఎరువు సంగతి అసలే మరచిపోయాను. భోగి ముందు రోజు వరండా కడుగుతుంటే రెండు ఆకుల నడుమ నుండి వేలెడంత పూల కాడ బయటికి వచ్చి కనిపించింది.

కారణం ఆ తరువాత తెలిసింది. ఈ మొక్క రాత్రింబగళ్ళు 28 డిగ్రీలకు పైబడిన వెచ్చదనంలో ఉంటే ఆకుల మీద ఆకులు వేస్తుంది గాని కాడ వేయదు. 25 డిగ్రీలకు తక్కువైన చల్లదనం వరుసగా కొన్ని వారాలు తగిలినప్పుడే ఆకు మొదట్లో నిద్రపోతున్న మొగ్గ మేలుకుంటుంది. కిటికీలు మూసిన హాలులో మనకు హాయిగా ఉండే వెచ్చదనమే దానికి అడ్డు. మరుసటి ఏడు నుండి వరండాలో ఒక చిన్న ఉష్ణమాపకం తగిలించాను. మార్గశిరంలో తెల్లవారుజామున అది 17, 18 డిగ్రీలు చూపుతుంది, మొక్కకు అది చక్కగా సరిపోతోంది. మీది మాకంటే సముద్రానికి దగ్గర ఊరు కనుక రాత్రులు ఇంత చల్లబడకపోవచ్చు గాని, 25కు దిగువన ఉంటే చాలు. ఒడియా ఇరుగుపొరుగు కార్తీక పౌర్ణమి నాడు చెరువులో బొయితలు, అంటే బొమ్మ పడవలు, వదిలే రోజునే నేను కుండీలను బయటికి తెస్తాను. తేదీ గుర్తుంచుకోవలసిన పని ఉండదు.

చల్లదనం తగిలినా వెలుతురు చాలకపోతే కాడ రాదు, వచ్చినా నాలుగు పూలతో సరిపెడుతుంది. ఇందుకు ఆకు రంగే కొలమానం. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ ఉంటే మనం మురిసిపోతాము గాని, అది వెలుతురు చాలక వచ్చిన రంగు. కొంచెం పసుపు కలిసిన లేత పచ్చ రంగు ఉండాలి. అంచులు ఎర్రబడితే ఎండ ఎక్కువైందని అర్థం. తూర్పు నుండి ఉదయం ఎనిమిది గంటల వరకు వచ్చే ఎండ దానికి మేలు చేస్తుంది, ఆ తరువాత నేరుగా ఎండ తగలకూడదు.

ఇక వేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఒక మొక్కను చంపుకున్నది అక్కడే. ఇక్కడి పల్లెల్లో చెట్టు కొమ్మ మీద వేరే మొక్క ఏది కనిపించినా బదనిక అనేస్తారు. అసలైన బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ కొమ్మను పట్టుకుని కూర్చుంటుందే తప్ప చెట్టు నుండి ఏమీ తీసుకోదు. ఊరి బయట ఒక ముసలి మామిడి చెట్టు మీద వాండా అనే అడవి ఆర్కిడ్ ఒకటి ఉంది. జడివానలో నిలువునా తడిసే దాని వేర్లు, వాన వెలిసి గాలి తోలితే కొద్ది గంటల్లోనే ఆరిపోయి వెండి రంగుకు తిరుగుతాయి. తడవడం, త్వరగా ఆరడం, రెండూ దానికి కావాలి. నేనేమో నా రెండో మొక్కను అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో పెట్టి, అందంగా ఉందని రోజూ నీళ్ళు పోశాను. రెండు నెలలకు ఆకులు వడలితే నీళ్ళు చాలలేదేమోనని ఇంకొంచెం పోశాను. తీసి చూసేసరికి వేర్లన్నీ గోధుమ రంగులో మెత్తగా కుళ్ళి, పట్టుకుంటే తొక్క ఊడివస్తున్నాయి.

అందుచేత మీరు ముందుగా చేయవలసినది మొక్కను కుండీ నుండి తీసి వేర్లు చూడడం. గట్టిగా ఉన్నవి ఉంచి, మెత్తబడినవి, డొల్లబడినవి కత్తిరించండి. బ్లేడును ముందు మంట మీద కాల్చి చల్లార్చుకోండి, లేకపోతే ఒక మొక్క వైరస్ మరో మొక్కకు పాకుతుంది. మట్టి పనికిరాదు. నేను బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, రోజూ నీళ్ళు మారుస్తూ నాలుగు రోజులు నానబెట్టిన కొబ్బరి పీచు ముక్కలు కలిపి, చుట్టూ చిల్లులున్న మట్టి కుండీలో వేస్తాను. పీచు చివికిపోతుంది కనుక రెండేళ్ళకొకసారి మారుస్తాను. వేర్లు తెల్లబడినప్పుడు ఉదయం పూట ధారాళంగా నీళ్ళు పోసి పూర్తిగా కారిపోనివ్వాలి; పచ్చగా ఉన్నంత కాలం ముట్టుకోకూడదు. వానాకాలంలో వారం గడిచినా అవసరపడదు, వేసవిలో రోజూ కావలసి రావచ్చు. ఆకుల నడిమి గుంటలో నీరు రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది కనుక దూదితో అద్దేయండి. బోరు నీళ్ళకు కుండీ అంచున తెల్లని ఉప్పు పేరుకుంటూ ఉంటే వాన నీళ్ళు పట్టి ఉంచుకోవడం మంచిది. పొరుగింటి మావుసి (పిన్నిగారు) ఎంతో ప్రేమతో పఖాళ తొరాణి, అంటే పులిసిన చద్దన్నం నీళ్ళు, పోయమని చెప్పి, ఒకసారి తానే తెచ్చి పోసింది కూడా. వారం తిరిగేసరికి కుండీ నిండా చీమలు, పుల్లటి వాసన. ఆమెకు ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 20-20-20 ఎరువు లీటరు నీటికి అర గ్రాము చొప్పున, కొత్త ఆకులు, వేర్లు వస్తున్న కాలంలో వారానికి ఒకసారి పోస్తే చాలు. నెలకొకసారి వట్టి నీళ్ళతో కుండీని కడగాలి. పొట్లం మీద రాసిన మోతాదు ఈ వేర్లకు చాలా ఎక్కువ.

కాడ వస్తున్నప్పుడు దాన్ని వేరని పొరబడడం సహజం. వేరు కొన గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది; కాడ కొన కొంచెం బల్లపరుపుగా ఉండి పైకి తిరుగుతుంది. అది కనిపించినది మొదలు కుండీని తిప్పవద్దు, తిప్పితే కాడ వెలుతురు కోసం మెలికలు తిరుగుతుంది. తొలి పువ్వు విచ్చడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. ఆ మధ్యలో తొందరపడకూడదు. నాకు మొదటి కాడకు వచ్చిన తొమ్మిది మొగ్గలలో ఆరు పసుపుబారి రాలిపోయాయి. శివరాత్రికి తెచ్చిన అరటి గెల పక్కనే దాన్ని అలంకారంగా పెట్టడం నా తప్పు. పండే పళ్ళ నుండి వెలువడే ఇథిలీన్ వాయువు మొగ్గలను రాల్చేస్తుంది.

పూలన్నీ రాలాక కాడ పచ్చగా ఉండి, మొక్కకు నాలుగైదు మంచి ఆకులు ఉంటే కింది నుండి మూడో కణుపు పైన కత్తిరించండి; ఒక్కోసారి అక్కడి నుండి కొమ్మ చీలి మళ్ళీ పూస్తుంది. మొక్క నీరసంగా ఉంటే మొదలంటా తీసేయడమే మంచిది. మీరు చివర్లో అడిగిన డెండ్రోబియం అనే మరో ఆర్కిడ్ లెక్క వేరు: దాని పాత కాండాలు ఆకులు రాల్చి మోడుగా కనిపించినా వాటిని కోయకండి, వాటిలో నిలవ ఉన్న బలంతోనే కొత్త కాండం పెరుగుతుంది, ఆ మోడే మళ్ళీ పూయనూవచ్చు. దానికి ఫెలినాప్సిస్ కంటే ఎక్కువ వెలుతురు కావాలి. నేను 50 శాతం షేడ్ నెట్ కింద వేలాడదీశాను.

హోలీ దాటగానే మా వరండా గచ్చు కాలిపోతుంది కనుక ఫెలినాప్సిస్‌ను ఉత్తరపు కిటికీ దగ్గరికి, కింద నీళ్ళు, గులకరాళ్ళు ఉన్న పళ్ళెం మీదికి మారుస్తాను. కుండీ అడుగు నీటికి తగలకుండా చూస్తాను. జూన్ నడుమ వచ్చే ఒడియా రజ పండుగకు వానలు మొదలయ్యాక తిరిగి వరండాలోకి తెస్తాను, అయితే చూరు నీళ్ళు నేరుగా పడే చోట పెట్టను. ఆ రోజుల్లో రాత్రి పూట టార్చితో ఒకసారి కుండీలను చూడడం అవసరం, ఎందుకంటే లేత వేరు కొనలను నత్తలు కొరికేస్తాయి.