ఆ సినిమాలో ఒక్కళ్లు కూడా బాత్రూమ్‌కి వెళ్లరండి

2007లో వచ్చిన ఫ్లడ్ అనే బ్రిటిష్ సినిమాలో లండన్ మునిగినట్టు నిజంగా అంత పెద్ద సిటీ మునుగుతుందా అని అడిగారు. మునుగుతుందండి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, వరదకి విజయవాడ మునిగినప్పుడు అక్కడి సింగ్‌నగర్‌లో నేనున్నాను.

సినిమాలో ఉత్తర సముద్రం ఉప్పెన, దానికి తోడు పోటు, రెండూ కలిసి థేమ్స్ బ్యారియర్ (ఉప్పెన రాకుండా థేమ్స్ నదికి అడ్డంగా కట్టిన గేట్లు) మీంచి ఊళ్లోకి దూకుతాయి. 1953లో నిజంగానే ఉప్పెనొచ్చి ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు, ఆ తర్వాతే ఆ బ్యారియర్ కట్టుకున్నారు, కాబట్టి కథ ఊరికే పుట్టింది కాదు. మా దగ్గర కూడా అందరి చూపూ బ్యారేజీ మీదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, గేట్లకి పడవలు గుద్దుకున్నాయి అని టీవీల్లో అదే గోల. మమ్మల్ని ముంచింది మాత్రం వెనక నుంచి గట్లు తెంపుకుని వచ్చిన బుడమేరు వాగు. దాన్ని మళ్లించే కాలవ పోయి కలిసేదే బ్యారేజీకి పైన కృష్ణలో, ఆ కృష్ణే నిండుగా ఉంటే ఇంక ఈ నీళ్లు ఎటు పోతాయి చెప్పండి. ఇప్పటికీ చుట్టాలు ఫోన్ చేసి కృష్ణ పొంగి మునిగారంట కదా అంటే నాకు ఒళ్లు మండిపోద్ది.

ఇంకోటి, సినిమాలోలాగా తాటిచెట్టంత అల ఏం రాలేదు, చప్పుడే లేదు. ముందు బాత్రూమ్ తూములోంచి నల్లగా ఉబికింది, తూము పూడుకుందేమో అనుకుని నేను పాత చీరముక్క కుక్కాను. చూస్తుండగానే మోకాల్లోతు. బియ్యం బస్తా సగం ఉంటే అది, గ్యాస్ బండ, అత్తయ్యగారి షుగర్ మాత్రలు పట్టుకుని పైన ఓనరాంటీ వాటాలోకి ఎక్కాం. మూడు కుటుంబాలు, పద్నాలుగు మందిమి.

అన్నం ఏదో రకంగా దొరికిందండి. పడవ వస్తే తాడుకి బకెట్ కట్టి దించేవాళ్లం, పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు వేసేవాళ్లు, డ్రోన్లతో కూడా పంపారు. కరెంట్ లేదు, మోటారు లేదు, ట్యాంకు మొదటిరోజు సాయంత్రానికే ఖాళీ, ఉన్న ఒక్క లెట్రిన్‌లోంచి నీళ్లు పైకి తంతున్నాయి. మగాళ్లు డాబా మీద ఓ మూలకి పోయేవాళ్లు. ఆడవాళ్లం ఏం చేస్తాం, మంచినీళ్లు తాగడం మానేశాం. అత్తయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు, నేను గ్లాసిస్తే పెదాలు తడుపుకుని మళ్లీ నా చేతిలోనే పెట్టేసేవారు, "ఇప్పుడొద్దులేమ్మా" అని. మూడోరోజు పొద్దున లేవబోయి గోడకి జారి కూలబడిపోయారు. చుట్టూ నీళ్లే, ఆవిడ నాలుక ఎండి అట్ట కట్టిపోయింది. అప్పుడు ఓనరాంటీ వాటర్ ట్యాంకు వెనకాల పాత ఫ్లెక్సీ కట్టి, కింద బకెట్ పెట్టి, "సిగ్గుపడితే చస్తారే" అని అందర్నీ కేకలేశారు.

ఆ సినిమా అనే కాదు, నేను చూసిన ఏ వరద సినిమాలోనూ ఇది లేదు. హీరో పరిగెడతాడు, హెలికాప్టర్ వస్తుంది, నీళ్లు తియ్యంగానే సినిమా అయిపోతుంది, ఆ తర్వాత ఇంట్లో పేరుకున్న బురద ఎవరు ఎత్తారో చూపించరు.

పోయిన ఎండాకాలంలో ఓనరాంటీ డాబా మీద ఇటుకలతో చిన్న బాత్రూమ్ కట్టించారు, దానికి ట్యాంకు కూడా వేరే పెట్టించారు. అద్దె పెంచుతారేమో అనుకున్నాం, పెంచలేదు.