బీట్లు చేసేవారు సొంత లేబుల్ పెట్టుకోవచ్చా? సిల్వియా రాబిన్సన్ దారి చూడండి

నాలుగేళ్లుగా ర్యాపర్లకు బీట్లు, అంటే వారి మాటల వెనుక మోగే సంగీతం, చేసి ఇస్తున్నానని, ఇప్పుడు సొంత లేబుల్, అంటే పాటల కంపెనీ, పెట్టాలనుకుంటున్నానని, హిప్ హాప్‌లో నిర్మాతగా ఉంటూనే కంపెనీ నడిపిన వారిలో ఎవరిని చూసి నేర్చుకోవాలని మీరు అడిగారు. చాలామంది డాక్టర్ డ్రే పేరో, రిక్ రూబిన్ పేరో చెబుతారు. నేను మాత్రం వారికన్నా ముందు ఈ దారిలో నడిచిన సిల్వియా రాబిన్సన్ పేరు చెబుతాను. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవారు గుర్తుకొస్తారు గానీ, రికార్డుల ప్రపంచంలో ఆ మాటకు పాట ఎలా వినిపించాలో తేల్చే మనిషి అని అర్థం. ఆమె ఆ పనీ చేశారు, డబ్బు లెక్కలూ చూశారు.

1979 నాటికి ఆమె ఈ రంగానికి కొత్తవారేమీ కాదు. 1950ల్లో మికీ బేకర్ దగ్గర గిటార్ నేర్చుకుని, ఆయనతోనే జంటగా పాడి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత భర్త జో రాబిన్సన్‌తో కలిసి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో ఆల్ ప్లాటినం అనే కంపెనీ నడిపారు. 1973లో తాను మరొకరితో కలిసి రాసి పాడిన ‘పిల్లో టాక్’ అమెరికా పాటల పట్టికలో మూడో స్థానానికి చేరింది. ఇన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1961 నాటి సంగతి. ఐక్, టీనా టర్నర్ జంట పాడిన ‘ఇట్స్ గోనా వర్క్ అవుట్ ఫైన్’ రికార్డింగ్‌కు డబ్బు పెట్టింది, పాట నేర్పింది, గిటార్ వాయించింది తానేనని, అయినా రికార్డు మీద తన పేరు వేయలేదని సిల్వియా తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

1979లో ఆల్ ప్లాటినం అప్పుల్లో ఉంది. ఆ వేసవిలో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో ఒక యువకుడు రికార్డులు మోగుతుండగా వాటికి తగ్గట్టు లయబద్ధంగా మాటలు చెబుతుంటే జనం ఊగిపోవడం ఆమె చూశారు. అప్పటికి కొన్నేళ్లుగా న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ ప్రాంతపు పార్టీల్లో ర్యాప్ అనే ఈ కళ నడుస్తూనే ఉంది, క్యాసెట్లలో చేతులు మారుతూనే ఉంది, కానీ దాన్ని రికార్డుగా అమ్మవచ్చన్న ఆలోచన పెద్ద కంపెనీలకు రాలేదు. ఆమె కొడుకుతో కలిసి ఎంగిల్‌వుడ్‌లో ఒక పిజ్జా దుకాణం ముందు కారు ఆపి, అందులో పనిచేసే హాంక్‌ను పిలిచి, కారులోనే కూర్చోబెట్టి పాడించుకున్నారు. దారిన పోతున్న మరో ఇద్దరు కుర్రాళ్లు కూడా వచ్చి తమ విద్య చూపించారు. ఎవరిని తీసుకోవాలో తేల్చుకోలేక ముగ్గురినీ తీసుకున్నారు. షుగర్‌హిల్ గ్యాంగ్ అనే బృందం పుట్టింది అలాగే. వారి పాట వచ్చింది రాబిన్సన్ దంపతులు కొత్తగా పెట్టిన షుగర్ హిల్ అనే కంపెనీ నుంచి. ‘గుడ్ టైమ్స్’ పాటలోని బేస్ గిటార్ వరుసను స్టూడియో వాద్యకారుల చేత ఆగకుండా వాయింపజేసి, దాని మీద ఆ ముగ్గురినీ వంతులవారీగా వదిలారు. దాదాపు పద్నాలుగున్నర నిమిషాల ‘రాపర్స్ డిలైట్’ అమెరికా మొదటి నలభై పాటల్లో చోటు సంపాదించింది. చెవి ఉన్న నిర్మాత అంటే ఇదీ అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కానీ హాంక్ పాడిన మాటల్లో ఎక్కువ భాగం బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి. హాంక్ ఆయన నోటుపుస్తకం తెచ్చుకుని ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల, కాజ్ మారుపేరు ‘కాసనోవా’ కూడా అక్షరం అక్షరంగా పాటలో వినిపిస్తుంది. పాట లోపల పేరుంది, రికార్డు మీద లేదు. బేస్ వరుస అసలు రచయితలైన నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ గట్టిగా నిలదీశారు కాబట్టి వారి పేర్లు చేరాయి. నిలదీసే బలం లేని కాజ్‌కు ఏమీ దక్కలేదు. పేరు పోగొట్టుకున్న బాధ తెలిసిన మనిషి నడిపిన కంపెనీలోనే ఇలా జరగడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

1982 నాటి ‘ది మెసేజ్’ ఆమె పట్టుదలకు నిదర్శనం. స్టూడియో వాద్యకారుడు ఎడ్ ఫ్లెచర్ మొదలుపెట్టిన ఆ పాట పార్టీలకు పనికిరాదని, అదే కంపెనీకి పాడే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వెనుకాడితే, ఆమె పట్టు వదలకుండా ఫ్లెచర్, ఆ బృందంలోని ర్యాపర్ మెల్లీ మెల్ ఇద్దరి చేతే దాన్ని పూర్తి చేయించారు. 2002లో అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోకి చేరిన తొలి హిప్ హాప్ పాట అదే. అయినా పాట వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1983లో, ఫ్లాష్ రాయల్టీల కోసం, అంటే అమ్మకాల్లో తనకు రావాల్సిన వాటా కోసం, కోర్టుకెక్కారు. పంపిణీ ఒప్పందం తగాదాలు కూడా తోడై 1980ల నడుమకల్లా షుగర్ హిల్ కంపెనీ మూతపడింది.

ఇక నా అనుభవం. కరీంనగర్‌లో చిన్న స్టూడియో నడుపుతూ జానపద పాటలకు రిథమ్, మిక్సింగ్ చేస్తుంటాను. కొన్నేళ్ల క్రితం ఒక యూట్యూబ్ ఛానెల్ వారు ఒక పెద్దమ్మను వెంటబెట్టుకొచ్చారు. నాట్లేసేటప్పుడు తాను కట్టుకున్న పాటను ఆమె మైకు ముందు పాడుతుంటే గాజుల చప్పుడు పడుతోందని నేనే ఆపాను. ఆమె కొంగు తీసి గాజుల మీదుగా గట్టిగా చుట్టుకుని, మళ్లీ మొదటి నుంచి పాడింది. ఆ గైడ్ ట్రాక్, అంటే నమూనా రికార్డింగ్, విని వేరే గాయని పాడిన పాట విడుదలై లక్షల మంది చూశారు. వివరాల్లో సాహిత్యం, సేకరణ అని ఛానెల్ మనిషి పేరే ఉంది. నా పేరూ లేదు, కానీ నాకు నా కూలీ ముట్టింది. పెద్దమ్మకు దారి ఖర్చులు తప్ప ఏమీ రాలేదు. వచ్చే పని పోతుందన్న భయంతో నేను ఆ రోజు నోరు విప్పలేదు. కొంగు చుట్టకముందు గాజుల మోతతో పాడిన ఆ మొదటి ట్రాక్ నా హార్డ్ డిస్కులో ఇంకా ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: లేబుల్ తప్పకుండా పెట్టండి, కానీ మొదటి పాట మైకు తెరవకముందే కాగితం రాయండి. మాట ఎవరిది, బాణీ ఎవరిది, బీట్ ఎవరిది, గొంతు ఎవరిది, ఒక్కొక్కరికి ఎంత వాటా అని ఒకే పేజీలో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించండి. 2012 సవరణ తర్వాత మన కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్య, సంగీత రచయితలు తమ రాయల్టీ వాటాను వదులుకున్నామని రాసిచ్చినా అది చెల్లదు. ఈ సంగతి మీ ర్యాపర్లకు మీరే ముందుగా చెప్పండి. పాటలో పాత పాట ముక్క వాడితే విడుదలకు ముందే అనుమతి తీసుకోండి. నేను ఇప్పుడు వాడుతున్న కాగితం పక్కా తెలుగులో, చదువు రానివారికి చదివి వినిపించడానికి వీలుగా రాసుకున్నది. మీకు కావాలంటే ఈ జవాబు కింద అడగండి, పూర్తి పాఠం ఇక్కడే పెడతాను.