ఎల్‌వీఎన్ లైసెన్స్ వచ్చాక మొదటి ఉద్యోగం ఎక్కడ?

డాలస్ చుట్టుపక్కల మన ఆడపిల్లలు ఈ మధ్య నర్సింగ్ గురించి తెగ అడుగుతున్నారు. ఐటీ కోర్సులు నేర్చుకుని ఇంటర్వ్యూల కోసం చూసి చూసి విసిగినవాళ్లు కొందరు. పిల్లలు బడికెళ్లాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేనివాళ్లు కొందరు. ఇండియాలో నర్సుగా చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చినవాళ్లు ఇంకొందరు. అందరికీ ఒకే జవాబు చెప్తే కుదరదు.

ముందుగా ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్లు. గుంటూరులోనో వరంగల్‌లోనో జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి ఉంటే, దయచేసి ఎల్‌వీఎన్ జోలికి పోకండి. ఎల్‌వీఎన్ అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) కంటే ఒక మెట్టు కింది లైసెన్స్. మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అంటారు, టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఎల్‌వీఎన్ అంటారు. మీ సర్టిఫికెట్లు ఆర్‌ఎన్‌కే సరిపోవచ్చు. విదేశాల్లో చదివిన నర్సుల సర్టిఫికెట్లు పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్‌కి (ఇప్పుడు పేరు మార్చుకుని ట్రూమెరిట్ అయింది) పంపించి చూసుకోండి. ఒకటి రెండు సబ్జెక్టులు తక్కువయ్యాయని చెప్తే అవి పూర్తిచేయడమే నయం, మళ్లీ మొదటినుంచి చదవక్కర్లేదు. ప్రభుత్వ కార్మిక శాఖ 2024 మే లెక్కల్లో ఎల్‌పీఎన్‌ల మధ్యస్థ వార్షిక జీతం 62,340 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 93,600. తేడా మీరే చూసుకోండి. ఏఎన్ఎం మాత్రమే చేసినవాళ్లకూ, వేరే చదువులవాళ్లకూ అయితే ఎల్‌వీఎన్ మంచి మొదలే.

ఇక వీసా. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, కానీ ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) చేతికి రాకుండా పని చేయకూడదు. ఆ ఈఏడీ రావాలంటే సాధారణంగా మీ ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి. ఎల్-1 ఉద్యోగి వెంట ఎల్-2 మీద వచ్చిన భార్యకో భర్తకో 2021 నవంబర్ నుంచి విడిగా ఈఏడీ అక్కర్లేదు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే చాలు. "లైసెన్స్ వస్తే ఎవరో ఒకరు స్పాన్సర్ చేయకపోతారా" అనే ఆశ మాత్రం పెట్టుకోకండి. గ్రీన్‌కార్డు దారిలో నర్సులకు ఉన్న షెడ్యూల్-ఏ వెసులుబాటు ఆర్‌ఎన్‌లకే. ఎల్‌వీఎన్ ఉద్యోగానికి హెచ్-1బీ కూడా నప్పదు. కాబట్టి ఐ-140 ఇంకా దూరంలో ఉంటే ముందు అనాటమీ, సైకాలజీ లాంటి క్లాసులు ఒక్కొక్కటిగా చేసుకుంటూ ఉండండి. లైసెన్స్ తెచ్చుకుని డ్రాయర్లో పెట్టి ఏం లాభం? ఈఏడీ ఉన్నవాళ్లు రెన్యువల్‌కి గడువు 180 రోజుల ముందే వేసుకోవచ్చు, అప్పుడే వేసేయండి. కార్డు అయిపోయిన రోజు నుంచి షెడ్యూల్లో మీ పేరు ఉండదు, మేనేజర్ ఎంత మంచివాడైనా సరే.

స్కూలు ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూసి, బ్రోచర్ చూసి మోసపోవద్దు. టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్లో అనుమతి ఉన్న ప్రతి స్కూలు పేరూ ఉంటుంది, మొదటిసారి లైసెన్స్ పరీక్ష రాసినవాళ్లలో ఎంత శాతం పాసయ్యారో కూడా ఉంటుంది. బోర్డు కోరేది కనీసం 80 శాతం. అంతకన్నా కింద ఊగిసలాడే స్కూల్లో, వాళ్లు ఎంత తీయగా మాట్లాడినా, చేరకండి. కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు తక్కువ, సీటు కష్టం. ప్రైవేటు వాటిలో సీటు తేలిక, ఫీజు ఎన్నో రెట్లు. కోర్సు దాదాపు ఏడాది. మన ఇంటర్ సర్టిఫికెట్‌ని ఇవాల్యుయేషన్ చేయిస్తే ఇక్కడి హైస్కూల్ చదువుకి సమానంగా తీసుకుంటారు, ఆ కాగితం ముందే సిద్ధం చేసుకోండి. హెపటైటిస్-బి, ఎంఎంఆర్ టీకాల రికార్డులు ఇండియా నుంచి తెప్పించుకునేలోపు సెమిస్టర్ మొదలైపోతుంది. దానికన్నా ఇక్కడే రక్తపరీక్ష చేయించుకుని ఇమ్యూనిటీ చూపించడం సులువు.

ఇంకో మాట. వాట్సాప్‌లో ఎవరైనా "క్లాసులకు వెళ్లక్కర్లేదు, సర్టిఫికెట్ ఇప్పిస్తా" అంటే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి. ఫ్లోరిడాలో మూడు స్కూళ్లు 7,600 పైచిలుకు దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మాయని 2023 జనవరిలో కేంద్ర దర్యాప్తు సంస్థలు బయటపెట్టాయి. కొన్నవాళ్లలో పరీక్ష పాసై ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. రాష్ట్రాల బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి వాళ్ల లైసెన్సులు లాగేసుకున్నాయి. వీసా మీద ఉన్న మనకైతే లైసెన్స్‌తో పాటు ఇంకా చాలా పోతాయి.

పని చేయడానికి అనుమతి ఉంటే, స్కూల్లో చేరేముందు గానీ చదువుతూ గానీ సీఎన్ఏగా (నర్సుకు సహాయకురాలిగా) కొన్నాళ్లు చేయండి. కేంద్రం పెట్టిన కనీస శిక్షణ 75 గంటలు, టెక్సస్‌లో 100. మనిషిని మంచం మీద పక్కకు తిప్పడం, డైపర్ మార్చడం, తినిపించడం, ఇవన్నీ ఆ పనిలోనే వస్తాయి. ఇది మీవల్ల అవుతుందో కాదో, వేల డాలర్లు కట్టకముందే తేలిపోతుంది. "నేను శాకాహారిని అక్కా, బీఫ్ తినిపించాలా?" అని చాలామంది మొహమాటంగా అడుగుతారు. అవును, తినిపించాల్సి వస్తుంది. మగవాళ్లకు స్నానం చేయించాల్సీ వస్తుంది. దీనికి సిద్ధంగా లేకపోతే అందులో తప్పేం లేదు, కానీ వేరే దారి చూసుకోవాలి.

పరీక్ష గురించి ఎక్కువ రాయను, యూట్యూబ్ నిండా అదే. ఎల్‌వీఎన్ లైసెన్స్ పరీక్ష పేరు ఎన్‌క్లెక్స్-పీఎన్, ఫీజు 200 డాలర్లు, ప్రశ్నలు కనీసం 85, గరిష్ఠం 150, సమయం ఐదు గంటలు. కంప్యూటర్ 85 దగ్గర ఆగిపోతే పాసైనట్టూ కాదు, ఫెయిలైనట్టూ కాదు. దాని మీద రాత్రంతా టెన్షన్ పడి ప్రయోజనం లేదు. తప్పితే 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. టెక్సస్‌లో వేలిముద్రలు, నర్సింగ్ చట్టం మీద చిన్న పరీక్ష కూడా ఉంటాయి. వీటిని చివరి వారానికి వాయిదా వేస్తే లైసెన్స్ నంబర్ రావడం ఆలస్యమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఉద్యోగం. మన వాళ్లు అందరూ ముందు పెద్ద ఆసుపత్రులకే అప్లై చేస్తారు. ఆసుపత్రులు ఎక్కువగా ఆర్‌ఎన్‌లనే తీసుకుంటాయి. కొత్త ఎల్‌వీఎన్‌కి తలుపు తెరిచేది నర్సింగ్ హోమ్. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే విజయవాడ సూర్యారావుపేటలో ఉండే డాక్టర్ గారి ఆసుపత్రి లాంటిది కాదు. సొంతంగా లేచి తిరగలేని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. దానితోపాటు రీహాబ్, డాక్టర్ల క్లినిక్‌లు, డయాలిసిస్ సెంటర్లు, జైళ్లు కూడా ఎల్‌వీఎన్‌లను తీసుకుంటాయి. క్లినిక్‌లో పగటి పని, వారాంతం సెలవు, జీతం కాస్త తక్కువ. అక్కడే మొదలుపెడితే మందుల మీద చేయి తిరగదు. హోమ్ హెల్త్ (ఇళ్లకు నర్సులను పంపే కంపెనీలు) వాళ్లు కొత్తవాళ్లను కూడా పిలుస్తారు, గొంతులో ట్యూబు ఉన్న పసిపిల్లాడి దగ్గర రాత్రంతా మీరొక్కరే ఉంటారు. ఆ ట్యూబు ఊడితే పక్కన పిలవడానికి ఎవరూ ఉండరు. అలా ఒంటరిగా చేసే చోట్లకు వెళ్లేముందు 12 నుంచి 18 నెలల అనుభవం ఉంటే మంచిదని టెక్సస్ బోర్డే సూచిస్తుంది. నా మాటా అదే.

నర్సింగ్ హోమ్‌లో మొదటి ఏడాది తేలిగ్గా ఉండదు. కేంద్ర నిబంధనల ప్రకారం ఆర్‌ఎన్ రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఉంటే సరిపోతుంది. దాని అర్థం ఏమిటంటే, రాత్రి షిఫ్టులో ఆ హాలు మొత్తానికీ మీరే చార్జ్ నర్సు కావచ్చు. ముప్పై మంది దాకా మీ మీదే ఉండొచ్చు. ఎవరైనా చనిపోతే కూడా టెక్సస్‌లో ఎల్‌వీఎన్ మరణాన్ని ధ్రువీకరించకూడదు, ఫోన్ చేసి ఆర్‌ఎన్‌ని రప్పించాలి. అందుకే ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఓరియెంటేషన్ ఎన్ని రోజులు? ఆ రోజుల్లో నా పక్కన అనుభవమున్న నర్సు ఉంటారా, లేక రెండో రోజుకే మందుల కార్టు నా చేతికిస్తారా? రాత్రి నాకు ఎంతమంది? ఆర్‌ఎన్ ఫోన్‌లో దొరుకుతారా? ఇవి అడిగితే ఏమనుకుంటారోనని మనం నోరు కట్టుకుంటాం. మంచి నర్సింగ్ డైరెక్టర్ అయితే ఇవి అడిగిన పిల్లకే ఉద్యోగం ఇస్తుంది. గంటకు రెండు మూడు డాలర్లు ఎక్కువిచ్చి మూడు రోజుల్లో వదిలేసే చోటు కన్నా, తక్కువిచ్చి మూడు నాలుగు వారాలు నేర్పే చోటు మేలు. సైన్-ఆన్ బోనస్ అంటే కాగితం చివరిదాకా చదవండి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో అక్కడే ఉంటుంది.

"ఒక ఏడాది అనుభవం కావాలి" అని రాసి ఉన్నా అప్లై చేయండి, మనుషులు దొరక్క వాళ్లూ ఇబ్బందిపడుతుంటారు. రెజ్యూమెలో ఎంసీఏ ప్రాజెక్టులు తీసేసి క్లినికల్స్ (కోర్సులో భాగంగా పేషెంట్ల దగ్గర చేసిన శిక్షణ) రాయండి, ఏ రకం యూనిట్, ఎన్ని గంటలు, ఏమేం చేశారు అని. పాయింట్‌క్లిక్‌కేర్ వాడి ఉంటే అది పైనే కనపడాలి, చాలా నర్సింగ్ హోమ్‌లలో చార్టింగ్ అందులోనే. క్లినికల్స్‌కి వెళ్లిన చోటే అడగడం అన్నిటికన్నా దగ్గరి దారి. మీ పని చూసిన నర్సు ఒక్క మాట చెప్తే ఆన్‌లైన్లో వేసిన అప్లికేషన్లన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మొదటి రోజు నుంచే గట్టిగా పట్టుకోవాల్సిన పని ఒకటుంది, నార్కోటిక్ కౌంట్, అంటే మత్తు కలిగించే నొప్పి మందుల లెక్క. షిఫ్టు మారేటప్పుడు వెళ్లే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ మందుల కార్టు దగ్గర నిలబడాలి. రెండు తాళాల వెనక ఉండే డ్రాయర్ తెరిచి, ఒకరు పుస్తకంలో అంకె చదువుతారు, ఇంకొకరు మాత్రల కార్డు (మాత్రలు గుచ్చి ఉండే అట్ట) ఎత్తి అందులో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. హైడ్రోకోడోన్ పుస్తకంలో 22 ఉంటే కార్డులో 22 ఉండాలి. కార్డు వెనక్కి తిప్పి అట్ట చిరిగి మళ్లీ టేపు వేసి ఉందేమో చూడాలి. తర్వాతే సంతకం, ఆ తర్వాతే తాళంచెవులు. వెళ్లే ఆవిడ "నా పిల్లాడిని డే కేర్ నుంచి తీసుకోవాలి హనీ, లెక్క సరిగ్గానే ఉంది, సంతకం పెట్టేయ్" అంటుంది. పెద్దావిడ, పైగా నవ్వుతూ అడుగుతోంది. మనకు కాదనడం రాదు. తాళంచెవులు తీసుకున్న క్షణం నుంచి తగ్గిన ప్రతి మాత్రకూ జవాబుదారీ మీరే. "రెండు నిమిషాలే, చూసేద్దాం" అని నవ్వుతూనే డ్రాయర్ లాగండి. నాలుగు రోజులకు ఆవిడే అలవాటు పడుతుంది.

డాక్టర్‌కి రాత్రి రెండింటికి ఫోన్ చేయాలంటే మన వాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. "సారీ డాక్టర్, డిస్టర్బ్ చేస్తున్నాను" అని మొదలుపెట్టి, అసలు విషయం చివరికి చెప్తాం. ముందు చార్టు తెరిచి పెట్టుకోండి. పేషెంట్ పేరు, ఏమైంది, ఎప్పటినుంచి, బీపీ, పల్స్, జ్వరం, షుగర్, ఏ మందులు పడవు, మీకు ఏం కావాలి. ఇదంతా ఒక నిమిషంలో చెప్పాలి. ఆయన ఆర్డర్ చెప్పగానే తిరిగి చదివి వినిపించాలి. ఇంకొకటి, మన తల ఊపే తీరు. "అలాగే" అని మనం అటూ ఇటూ ఊపితే వాళ్లకు "కాదు" అని అర్థమవుతుంది. పెద్దవాళ్లకు మందు ఇచ్చేటప్పుడు, సీఎన్ఏలకు పని చెప్పేటప్పుడు నోటితో "యెస్" అనడం అలవాటు చేసుకోండి.

చిన్నపిల్లలున్న వాళ్లకు ఇక్కడి నర్సింగ్ హోమ్‌లలో వీకెండ్ డబుల్ అని ఒకటుంది. శని, ఆదివారాలు రెండు రోజులూ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. ఒళ్లు హూనమవుతుంది, నిజమే. కానీ ఆ రెండు రోజులూ పిల్లల దగ్గర వాళ్ల నాన్న ఉంటాడు, డే కేర్ ఖర్చు ఉండదు, మిగిలిన ఐదు రోజులూ మీవే. ఆర్‌ఎన్‌కి చదువుకునేవాళ్లలో చాలామంది ఇదే పట్టుకుంటారు, ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్‌కి బ్రిడ్జ్ కోర్సులు కమ్యూనిటీ కాలేజీల్లో ఉన్నాయి. శనివారం రాత్రి పుట్టినరోజు పార్టీలు, గుడిలో కల్యాణాలు పోతాయి. "ఏమ్మా, కనపడట్లేదు, ఇంకా ఆ ముసలివాళ్ల పనేనా?" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి.

మీ ఆయన ప్రాజెక్టు ఎటు మారుతుందో తెలియని ఇళ్లకు మల్టీస్టేట్ లైసెన్స్ మంచి ఊరట. టెక్సస్ నర్సుల కాంపాక్ట్‌లో (ఒకరి లైసెన్స్ ఇంకొకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందం) ఉంది కాబట్టి, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండి మిగతా అర్హతలు సరిపోతే, కాంపాక్ట్‌లో ఉన్న వేరే రాష్ట్రాల్లోనూ అదే లైసెన్స్ పనిచేస్తుంది. కాపురమే అక్కడికి మార్చేస్తే మాత్రం 60 రోజుల్లోపు ఆ రాష్ట్రంలో అప్లై చేయాలి. కాలిఫోర్నియా కాంపాక్ట్‌లో లేదు. బే ఏరియా ఆఫర్ గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నప్పుడే అక్కడి బోర్డుకి అప్లికేషన్ పెట్టేయండి, సామాన్లు సర్దుకునేదాకా ఆగొద్దు.