ఎక్కాల కంటే ముందు కుప్పలు

బిడ్డా, ఆశీర్వాదాలు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది, టెన్షన్ పడుతున్నావని. బాబు పదో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతాడు, కానీ "ఆరు ప్లేట్లున్నాయి, ప్లేటుకు నాలుగు మిర్చి బజ్జీలు, మొత్తం ఎన్ని?" అంటే పది అన్నాడని చెప్పావు. వాడేం మొద్దు కాదు. రెండు అంకెలు వినబడ్డాయి, కూడేశాడు. ప్లేట్లనూ బజ్జీలనూ కలిపి లెక్కబెడితే వచ్చే ఆ పది ఏమిటో వాణ్ణే అడుగు. తినేవా, కడిగేవా? వాడే నవ్వుతాడు.

ముప్పై రెండేళ్ళు చిన్న తరగతులకు లెక్కలు చెప్పినదాన్ని. గుణకారంలో రెండు అంకెలూ ఒకే పని చేయవు. ఒకటి ఎన్ని కుప్పలో చెబుతుంది, రెండోది కుప్పకు ఎన్నో చెబుతుంది. ఇది వాడికి ఒంటబట్టేదాకా పుస్తకం మూసిపెట్టు. × గుర్తు కూడా ఇప్పుడే వద్దు. దానికేం తొందర? ఇంగ్లండులో విలియం ఓట్రెడ్ అనే ఆయన 1631లో తన పుస్తకంలో వాడాకే ఆ గుర్తు ప్రచారంలోకి వచ్చింది. మన చార్మినార్ 1591 నాటిది. దాన్ని కట్టినవాళ్ళు ఆ గుర్తు లేకుండానే సున్నం, రాయి లెక్కలు చూసుకున్నారు.

ఒక గుప్పెడు చింతగింజలు, మూడు స్టీలు గ్లాసులు తీసుకో. నేల మీద మూడు చోట్ల నాలుగేసి గింజలు పెట్టమను. నువ్వు పెట్టకు, వాడే పెట్టాలి. ఆ "నాలుగేసి" అన్న మాట కాస్త ఒత్తి పలుకు. అన్ని కుప్పలూ సమానంగా ఉండాలన్న సంగతంతా మన తెలుగులో ఆ "ఏసి"లోనే ఉంది. వేరే వివరించక్కర్లేదు.

ఇక గ్లాసులు ఎందుకంటే, నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే కుప్పలు పెట్టించాను. ఎన్ని అంటే క్లాసంతా పన్నెండు అని అరిచింది. నేను మురిసిపోయాను. పిల్లలు ఒక్కొక్క గింజ మీద వేలు పెట్టి, ఒకటి నుంచి పన్నెండు దాకా లెక్కబెట్టారని వారం తర్వాత గానీ గమనించలేదు. అది లెక్కించడమే, గుణకారం ఎక్కడుంది అందులో? అప్పటి నుంచి కుప్పల మీద గ్లాసులు బోర్లించడం మొదలుపెట్టాను. ఇప్పుడు గింజ కనబడదు, వేలు పెట్టడానికి లేదు. మొదటి గ్లాసు మీద తట్టి నాలుగు అంటాడు. రెండోది తట్టి ఎనిమిది అంటాడు. మూడో దాని దగ్గర ఆగిపోతాడు, పెదాలు కదులుతుంటాయి. అప్పుడు మాత్రం నువ్వు జవాబు అందించకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బుంది, అందుకే చెబుతున్నా. పన్నెండు అన్నాక అనుమానమొస్తే గ్లాసులు ఎత్తి చూసుకోనీ.

రెండ్రోజులయ్యాక ఒక చిన్న మోసం చెయ్. వాడు చూడకుండా ఒక కుప్పలోంచి ఒక గింజ తీసేసి, "మూడు నాలుగులు అనొచ్చా?" అని అడుగు. కుదరదని వాడు గొడవ పెట్టుకున్నాడంటే పాఠం సగం వచ్చినట్టే. చాలామంది టీచర్లు ఎప్పుడూ సమానమైన కుప్పలే చూపిస్తారు. సమానంగా లేకపోతే ఎక్కం పనికిరాదన్న సంగతి పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది మరి?

ఆ తర్వాత వాడికి వచ్చిన ఎక్కాన్నే తీసుకుని నిదానంగా చదివించు. రెండు రెళ్ళు, రెండు మూళ్ళు, మూడు నాలుగులు. నాలుగు కాదు, నాలుగులు. అంటే నాలుగేసి ఉన్న కుప్పలు, అవి మూడు. బళ్ళో నేర్పే "త్రీ ఫోర్ జా ట్వెల్వ్"లో ఆ "జా" ఏమిటో పిల్లలకు తెలియదు. అది "ఫోర్స్ ఆర్" అరిగిపోయి మిగిలిన ముక్క. బళ్ళో అలాగే అననీ, ఒక్కసారి అర్థం మాత్రం చెప్పు.

ఈసారి కిరాణా కొట్టు నుంచి ముప్పై గుడ్ల అట్ట తెచ్చినప్పుడు ఖాళీ అయ్యాక పారేయకు. దాంట్లో అయిదు వరసలు, వరసకు ఆరు గుంటలు. దాన్నే పక్కకు తిప్పితే ఆరు వరసలు, వరసకు అయిదు. వాడి చేతే తిప్పించు. కుప్పలు మారాయి, కుప్పకు ఎన్ని ఉన్నాయో అదీ మారింది, మొత్తం మాత్రం మారలేదు. సగం ఎక్కాలు బట్టీ కొట్టే పని దీంతో తప్పుతుంది. ఏడు ఆర్లు మర్చిపోయాడనుకో, అట్ట మొత్తం అయిదు ఆర్లు ముప్పై, ఇంకో రెండు ఆర్లు పన్నెండు. నలభై రెండు వాడే తెచ్చుకుంటాడు.

అమీర్‌పేటలో మెట్రో కోసం నిలబడ్డప్పుడు, రైలుకు మూడు పెట్టెలు గదా, నాలుగు రైళ్ళు పోతే ఎన్ని పెట్టెలు పోయినట్టని అడుగు. రోజుకు ఒక్క ప్రశ్న చాలు. బయటికెళ్ళిన ప్రతిసారీ పరీక్ష పెడితే నీతో రావడమే మానేస్తాడు.

దసరా సెలవులకు నా దగ్గర దింపు. వామన గుంటల పీట అటక మీద నుంచి దించి తుడిచి పెట్టాను. వరసకు ఏడు గుంటలు, రెండు వరసలు, గుంటకు నాలుగేసి గింజలు. మొత్తం ఎన్ని గింజలు కావాలో ముందే లెక్కగట్టి తెమ్మను, ఒక్కటి తక్కువైనా ఆట లేదు.

అన్నట్టు, గింజలతో కూర్చున్నప్పుడు చిన్నదాన్ని దగ్గరికి రానీయకు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు దానిది. ఆట అయ్యాక డబ్బాలో పోసి పైన పెట్టు.

నీ పెద్దమ్మ,
నల్లకుంట