ఆక్టేవ్ పెడల్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

గిటార్ నోట్‌ని ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కిందికో పైకో పలికించే ఆక్టేవ్ పెడల్ గురించి నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారని రాశావు. ఒకడు అది లేనిదే వాయించలేనంటాడు, ఇంకొకడు కొన్న కొద్దిరోజులకే అమ్మేశానంటాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పెడల్ గురించి కాకపోవచ్చు, అంతే. కాబట్టి ఎవరైనా బాగుందనో దండగనో తేల్చేస్తే, నీది ఏ రకం, దాంతో ఏం వాయిస్తావు, ఏ ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెలో) విన్నావు అని అడుగు. సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

ఎక్కువగా తిట్లు తినేది పాతకాలపు అనలాగ్ రకం. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 ఆ కోవలోదే. నీ నోట్‌లోని ప్రతి రెండు కంపనాలకూ అది ఒక్కటి పుట్టిస్తుంది, అందుకే శబ్దం సరిగ్గా ఒక ఆక్టేవ్ కిందికి దిగుతుంది. రెండు తీగలు కలిసి మోగాయా, దేన్ని లెక్కపెట్టాలో దానికి తెలియదు. గరగరమంటుంది, నోట్ పైకీ కిందికీ గెంతుతుంది. కార్డ్ (ఒకేసారి మోగించే కొన్ని నోట్లు) కొట్టి, ట్రాకింగ్ (నోట్‌ని సరిగ్గా పట్టుకోవడం) బాలేదనడం దాని తప్పు కాదు కదా! ఒక్కో నోటే వాయించు. మిగతా తీగలు మోగకుండా అరచేత్తో అదుము. తీగల శబ్దాన్ని అందుకునే పికప్‌లలో మెడ వైపుది, అదే నెక్ పికప్, పెట్టి టోన్ నాబ్ తగ్గించు. లావు తీగ మీద కింది ఫ్రెట్లలో (మెడ మీది అడ్డ కమ్మీల దగ్గర) ఎలాగూ కాస్త తడబడుతుంది. నోట్‌ని అలాగే పట్టుకుని విను: ఆరిపోయే ముందు కింది ఆక్టేవ్ వణికి, తెగి తెగి వచ్చి, ఠక్కున ఆగిపోతుంది. కొందరికి అది చిరాకు. నాకు మాత్రం అందులోనే ప్రాణం ఉన్నట్టుంటుంది.

కార్డులే నీ లోకమైతే పాలీఫోనిక్ రకం, అంటే ఒకేసారి చాలా నోట్లను పట్టుకునే డిజిటల్‌ది, చూడు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల పాగ్ 2005లో వచ్చింది. ఆరు తీగలూ ఒకేసారి మీటినా తికమకపడదు. పై ఆక్టేవ్ కొద్దిగా కలిపితే పన్నెండు తీగల గిటార్ ఛాయ వస్తుంది, బాగా పెంచితే ఆర్గన్ అయిపోతుంది. గిటార్ గిటార్‌లా లేదని దీన్ని వద్దనేవాళ్ల బాధ అదే.

ఫజ్‌తో (గిటార్ శబ్దాన్ని గరుకుగా చీల్చే ఎఫెక్ట్‌తో) కలిసి ఆక్టేవ్ పైకి లేపేవి వేరే జాతి. రోజర్ మేయర్ తయారుచేసిన ఆక్టేవియాని 1967లో గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ రికార్డింగుల్లో వాడాడు. ఇవి తరంగంలో కింది సగాన్ని పైకి మడుస్తాయి, దాంతో శిఖరాలు రెట్టింపవుతాయి. పన్నెండో ఫ్రెట్ దాటాక వాయిస్తేనే ఆ పై ఆక్టేవ్ స్పష్టంగా వినిపిస్తుంది. కింద వాయించి ఏమీ రాలేదనుకునేవాళ్లు చాలామంది.

ఇక ఆంప్ సంగతి. అన్నిటికంటే లావైన తీగ, అదే ‘E’ తీగ, 82 హెర్ట్జ్ (సెకనుకు 82 కంపనాలు), ఒక ఆక్టేవ్ కిందికి దించితే 41. అది బేస్ గిటార్ ‘E’ తీగ పలికే చోటు. మామూలు గిటార్ స్పీకర్‌కి అంత లోతు అందదు. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో విని, బరువు లేదని పెడల్‌ని నిందించొద్దు. రెండు ఆక్టేవ్‌లు దించితే దాదాపు 20, మన చెవికి వినపడే అంచు!

బ్యాండ్‌లో బేస్ వాయించేవాడు ఉంటే కింది ఆక్టేవ్ అతని దారికి అడ్డం పడుతుంది. లేకపోతే అదే వరం. వైట్ స్ట్రైప్స్ అనే రాక్ బ్యాండ్‌లో ఉండేది ఇద్దరే. 2003లో వాళ్లకి బాగా పేరు తెచ్చిన పాటలో బేస్ అని అందరూ అనుకునేది, డిజిటెక్ వామీ పెడల్‌తో వాళ్ల గిటారిస్ట్ జాక్ వైట్ కిందికి దించిన గిటారే.

పెడల్‌ని డిస్టార్షన్‌కి (శబ్దాన్ని గరుకు చేసే పెడల్‌కి) ముందు పెట్టు, శుభ్రమైన సిగ్నల్ అందితే తప్పులు తగ్గుతాయి. ఆక్టేవియా రకానికి మాత్రం ఇది వర్తించదు, ముందు ఫజ్ పెట్టి నెడితే దాని గొంతు ఇంకా విచ్చుకుంటుంది. అడాప్టర్ ఎన్ని మిల్లీయాంప్‌లు ఇస్తుందో చూసుకో, డిజిటల్‌వి కరెంటు ఎక్కువ తాగుతాయి.

నువ్వు, డ్రమ్స్ వాయించే నీ స్నేహితుడు, ఇద్దరే కదా. రిఫ్‌లే (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న నోట్ల వరుసలే) ఎక్కువ వాయిస్తావు. నీకు అనలాగ్‌దే చాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకో. చూడ్డానికి వెళ్లేటప్పుడు నీ గిటార్ పట్టుకెళ్లు. మామూలు శబ్దాన్ని నిండుగా ఉంచి, ఆక్టేవ్ నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచు. తీసేస్తే వెలితి తెలిసే చోట ఆపు. ఒంటరిగా వాయిస్తే ఎంత పెంచినా బాగానే ఉంటుంది, డ్రమ్స్ మోగాక బురదైపోతుంది. అందుకే వీలైతే ఆ అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్లు.

ఇట్లు,
మామయ్య