సముద్రం కన్నా కింద ఉన్న నేల చూడాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మన జిల్లాల పిల్లలు నెదర్లాండ్స్‌లో ఉద్యోగాల్లో చేరుతున్నారు, వాళ్ల వెనకే అమ్మానాన్నలు బయల్దేరుతున్నారు. ఆ దేశం గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకేచోట పెడుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు రోటర్‌డామ్‌లో ఉంటారు. ఏప్రిల్ నెలాఖరుకి నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. ట్యులిప్ తోటలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు పిల్లలే చూపిస్తామన్నారు. నేను సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. పోల్డర్ల పాఠం ఏళ్ల తరబడి చెప్పాను గానీ కంటితో చూసింది లేదు. సైకిలు తొక్కే ఓపిక లేదు, మోకాళ్ల నొప్పులు. ఏవి చూడమంటారు?
– రిటైర్డ్ టీచర్, టెక్కలి

జవాబు: మాస్టారూ, చుట్టూ గట్టు వేసి లోపలి నీళ్లు తోడేసిన నేలే పోల్డర్ అని మీకు నేను చెప్పక్కర్లేదు. పాఠంలో సరిగ్గా రానిది ఏంటంటే, ఆ తోడకం ఎప్పటికీ ఆగదు. పైనుంచి వాన, కిందనుంచి ఊట, పంపులు ఆగాయంటే కొన్నాళ్లకి అది మళ్లీ చెరువే. దేశంలో నాలుగో వంతుకు పైగా సముద్రమట్టం కన్నా కిందే ఉంది. మీ విమానం స్కిపోల్ విమానాశ్రయంలో దిగితే అది ఒకప్పుడు హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సు అడుగు, ఆవిరి యంత్రాలతో తోడి 1852 నాటికి ఎండగట్టారు. అందుకని ఎక్కడికెళ్లినా ముందు గట్టెక్కండి. ఇటు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి, అటు పొలం ఎంత లోతున ఉంది అని నిదానంగా చూడండి. అది పట్టించుకోకపోతే గాలిమర ముందు ఫొటో దిగి వచ్చేయడమే అవుతుంది.

మీకు దగ్గర్లో ఉన్నది కిండర్‌డైక్. రోటర్‌డామ్ నుంచి వాటర్‌బస్సు ఉంది, నది మీద హాయిగా వెళ్లొచ్చు. అక్కడ 19 గాలిమరలు ఉన్నాయి, చాలావరకు 1738, 1740ల్లో కట్టినవి. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఒక వరసలోవి ఇటుకతో కట్టిన గుండ్రటివి, ఎదుటి వరసలోవి రెల్లు కప్పిన ఎనిమిది పలకలవి. ఒక మర నీటిని పైకెత్తగలిగేది సుమారు ఒకటిన్నర మీటరే. అందుకే పొలాల కాలవలోంచి పై కాలవలోకి ఎత్తి అక్కడ నిల్వబెట్టి, లెక్ నదిలో మట్టం తగ్గినప్పుడు తూములు తీసి వదిలేవాళ్లు. ఇప్పుడా పని పెద్ద పెద్ద స్క్రూ పంపులది, మరలు మాత్రం తిరిగే స్థితిలోనే ఉన్నాయి, వాటిలో కుటుంబాలు ఇంకా కాపురం ఉంటున్నాయి. లోపలికి రానిచ్చే మరలు ఉన్నాయి, తప్పకుండా వెళ్లండి. గోడలో అలమరాలా అమర్చిన పడక చూడండి, కాళ్లు చాపుకోవడానికి కూడా చోటుండదు, సగం కూర్చునే నిద్రపోయేవాళ్లట. బయటికొచ్చాక ఆగి ఉన్న రెక్కల్ని గమనించండి. రెక్క నిలువుకి రాకముందే ఆపితే ఇంట్లో శుభకార్యం, నిలువు దాటాక ఆపితే చావు కబురు అని దూరంనుంచే ఊరికి తెలిసేది.

రెండోది స్కోక్‌లాండ్. నన్నడిగితే రోజంతా దీనికే ఇవ్వండి. బస్సులు అంతంతమాత్రం, మీ అల్లుడుగారు సెలవు పెట్టి కారు తీయాల్సిందే. ఇది ఒకప్పుడు జాయ్‌డర్‌జే అనే సముద్రపు పాయలో సన్నటి దీవి. అలలు ఏటేటా కొంత కోసేస్తుంటే, ఇక లాభం లేదని 1859లో రాజాజ్ఞ మీద సుమారు 650 మందిని ఖాళీ చేయించి ఇళ్లు కూడా పడగొట్టేశారు. తర్వాత 1932లో 32 కిలోమీటర్ల పొడవున అఫ్‌స్లౌట్‌డైక్ అనే గట్టు కట్టి ఆ పాయకి అడ్డం వేశారు. 1942 నాటికి దీవి చుట్టూ ఉన్న నీళ్లన్నీ తోడేశారు. ఆ రకంగా దీవి నేలలో కలిసిపోయింది. ఇప్పుడు మీరు అక్కడ చూసేది చుట్టూ చదునైన పొలాలు, మధ్యలో కొంచెం ఎత్తుగా ఒక పట్టీ, దాని అంచున ఒడ్డు కోతకి అడ్డంగా పాతిన దుంగలు, 1834 నాటి చర్చి. ఉత్తరం కొసకి నడిస్తే గడ్డి మధ్యలో ఓడరేవు ఉంటుంది. చుక్క నీరు ఉండదు. పడవలు కట్టిన చోట నిలబడి ఆలుగడ్డ పొలాలు చూడొచ్చు. దేశంలో మొట్టమొదట యునెస్కో గుర్తింపు వచ్చింది దీనికే, 1995లో. విచిత్రం ఏంటంటే, ఎండబెట్టిన ఆ నేలలోనే ఒక పక్క ఇప్పుడు కావాలని ఊటమట్టం పెంచి ఉంచుతున్నారు. నేల మరీ ఆరిపోతే దీవి కుంగుతుంది, మట్టిలోని పాత అవశేషాలు కుళ్లిపోతాయి. ఆ తడి నేలకి పక్షులు కూడా చేరాయి.

మీరు వెళ్లేది నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కాలం. కొన్ని కాలిబాటలు జూన్, జూలై దాకా మూసి ఉంటాయి. గేటు మీద బోర్డు ఉంటే వెనక్కి తిరగడమే, 'ఒక్క ఐదు నిమిషాలే కదా' అని దాటొద్దు. గాలి మాత్రం మామూలుగా ఉండదు, అమ్మగారికి చెవులు కప్పే టోపీ పెట్టండి.

ప్రశ్న: మా పొలం వంశధార ఆయకట్టు చివర్న. గట్టి వాన పడితే మురుగు పోక వారాలపాటు నీళ్లు నిలబడిపోతాయి. అక్కడ సముద్రం కింద ఉన్న పొలానికే ఆ బాధ లేదంటున్నారు, నిజమేనా? దానికి డబ్బు ఎవరు పెడతారు?
– రైతు, నరసన్నపేట

జవాబు: నిజమే, కాకపోతే ఊరికే రాలేదు. అక్కడ నీటి బోర్డులు ఉన్నాయి, వాటి మొదలు 13వ శతాబ్దంలో ఉంది. గట్టు తెగితే అందరూ మునుగుతారు కాబట్టి అందరూ కలిసి గట్టు కాయాలి అన్న పట్టుదలతో పుట్టాయి. ఇప్పుడు 21 ఉన్నాయి. నాలుగేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, సొంతంగా పన్ను వేసుకుంటాయి. పట్నంలో అపార్టుమెంటులో ఉన్నవాడు కూడా ఆ పన్ను కట్టాల్సిందే. మనకీ 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. తేడా ఎక్కడంటే, మన దగ్గర గొడవంతా నీళ్లు రావడం గురించే, మురుగు పోవడం గురించి పట్టించుకునేవాడు తక్కువ. అక్కడ మురుగు కాలవే మొదటి లెక్క. ఏ కాలవలో నీరు ఏ మట్టంలో ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, కాలవలో పాతిన కొలబద్ద మీద ఎవరైనా చూసుకోవచ్చు.

వాళ్లకీ ఒక పెద్ద తలనొప్పి ఉంది. పశ్చిమాన చాలా పొలాలు పీట్ నేలలు, అంటే కుళ్లిన మొక్కలు పొరలుపొరలుగా పేరుకున్న మెత్తటి నల్ల నేల. నీళ్లు తీసేకొద్దీ గాలి తగిలి ఆ పొర కరిగిపోతుంది, నేల కుంగుతుంది, కుంగాక ఇంకా లోతునుంచి తోడాలి. రోటర్‌డామ్ దగ్గర ఒక పోల్డర్‌లో నేల సముద్రమట్టానికి 6.76 మీటర్లు కిందికి ఉంది, దేశంలోకెల్లా పల్లం అదే. 1953లో తుఫానుకి గట్లు తెగి ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ భయం ఇంకా పోలేదు, అందుకే పన్ను కడుతున్నారు.

ప్రశ్న: మా ఊరు తేలినీలాపురం పక్కనే. పక్షుల ఫొటోలు తీస్తాను. ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే చోటు గొప్ప అడవి అని కొందరు, పశువుల్ని ఆకలికి చంపారని కొందరు రాస్తున్నారు. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: రెండూ నిజమే తమ్ముడూ. అది 1968లో నీళ్లు తోడేసిన పోల్డర్‌లో ఒక పల్లం. భారీ పరిశ్రమలకని ఉంచారు, అవి రాలేదు, నీళ్లు నిలిచి రెల్లు పెరిగి వేలకొద్దీ బాతులు దిగాయి. మనుషులు చేసిన నేల మీద ఎవరూ వేయని చిత్తడి పుట్టుకొచ్చింది. 56 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. 2006లో తెల్లతోక సముద్రపు గద్ద అక్కడే గూడు కట్టింది, ఆధునిక కాలంలో ఆ దేశంలో ఆ పక్షి కట్టిన మొదటి గూడు అదే. అంతవరకు అద్భుతమే. తర్వాత గడ్డి మేయడానికని 1980ల్లో హెక్ అనే జాతి పశువుల్ని, కోనిక్ అనే జాతి గుర్రాల్ని, 1992లో ఎర్ర జింకల్ని కంచె లోపల వదిలారు. మేత వేయకుండా ప్రకృతికే వదిలేయాలన్నది సిద్ధాంతం. 2017-18 చలికాలంలో మూడు వేలకు పైగా జంతువులు పోయాయి. చాలావాటిని, ఎలాగూ బతకవని, సిబ్బందే కాల్చేశారు. జనం కంచె మీదనుంచి గడ్డిమోపులు విసిరారు. ఆ గొడవ తర్వాత మందల్ని బాగా తగ్గించారు.

నా మాట సూటిగా చెబుతాను. మీ ఊరి చింతచెట్ల మీద వాలే పెలికాన్‌కి ఇక్కడ చేప దొరక్కపోతే లేచి ఇంకో చెరువుకి పోతుంది. కంచెలో ఉన్న గుర్రం ఎక్కడికి పోతుంది? కంచె వేసినవాడే దాని ఆకలికి పూచీ. అయినా ఆ చోటు చూడాల్సిందే. ఆల్మేర్ నుంచి లెలీస్టాడ్ వెళ్లే రైలు దాని అంచునే పోతుంది, ముందు కిటికీలోంచి చూసి తర్వాత దిగి నడువు. లెలీస్టాడ్ రేవునుంచి పడవెక్కితే మార్కర్ వాడెన్ దీవులు కూడా వస్తాయి. బురద, ఇసుక పోసి, 2016లో మొదలుపెట్టి, పక్షులు, చేపల కోసం కట్టినవి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాను. సైకిల్ మీద ఒక్క ఆదివారంలో అడవి, కోట రెండూ అయ్యేది ఏదైనా చెప్పండి.
– బొబ్బిలి

జవాబు: నార్డెన్. రైలు దిగితే ఒక పక్క నక్షత్రం ఆకారంలో కోట ఊరు, చుట్టూ రెండు వరసల కందకం. ఇంకో పక్క నార్డర్‌మేర్ సరస్సు. ఈ సరస్సుని ఎండగట్టాలని 17వ శతాబ్దంలో ఒకసారి, 19వ శతాబ్దంలో ఒకసారి చూశారు, రెండుసార్లూ చివరికి సరస్సే మిగిలింది. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ నగరం చెత్త పోయడానికి అడిగింది. అది కుదరనివ్వకుండా ప్రకృతి ప్రేమికులు సంఘం పెట్టి 1906లో కొనేశారు, దేశంలో సంరక్షణ కోసం కొన్న మొదటి చోటు అదే. తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి. కోట కూడా నీటి కథే. శత్రువు వస్తే తూములెత్తి పొలాల్లోకి మోకాలి లోతు నీళ్లు వదిలేవాళ్లు, నడవడానికి ఎక్కువ, పడవకి తక్కువ.

సైకిల్ దారుల్లో కూడళ్లకి నంబర్లు ఉంటాయి, నీ దారి నంబర్లు కాగితం మీద రాసుకుంటే చాలు, ఫోన్ చార్జింగ్ టెన్షన్ ఉండదు. గడ్డిలో కూర్చుంటే ఇంటికెళ్లాక కాళ్లు, మోకాళ్ల వెనక పిడుదులు అంటుకున్నాయేమో చూసుకో, వాటివల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు.

ప్రశ్న: అంత దూరం వెళ్లే స్తోమత లేదు. మన దగ్గర వాళ్ల గుర్తులేమైనా ఉన్నాయా?
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఉన్నాయమ్మా, భీమిలిలో. విజయనగరం నుంచి బస్సులో పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, అంటే ఈ నెదర్లాండ్స్ వాళ్లే, బట్టల వ్యాపారానికి అక్కడ దిగారు, వాళ్ల శ్మశానంలో ఆనాటి రాతి పలకలు ఇంకా ఉన్నాయి. వాళ్లని పంపిన డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పెట్టింది. అందులో వాటాలున్న వర్తకులే తమ డబ్బు పెట్టి 1612 నాటికి బేమ్‌స్టర్ అనే సరస్సుని గాలిమరలతో తోడించి, గీత గీసినట్టు చతురస్రాల పొలాలు చేయించారు, అది కూడా ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. పొద్దున్నే వెళ్లు, ఏటవాలు ఎండలో రాతి మీద చెక్కిన అక్షరాలు బాగా కనిపిస్తాయి. నోటుబుక్కు తీసుకెళ్లి పేర్లూ సంవత్సరాలూ ఎక్కించుకో, పలకల మీద సుద్ద మాత్రం రుద్దకు.